ఉప్పు కడిగిన చేతులు

"ఆదివారం, మధ్యాహ్నం రెండూ పది," అంది లుడ్వినా, టేప్‌రికార్డర్ మీట నొక్కుతూ. "శుక్రవారం సాయంత్రం నుంచి చెప్పు బాబాయ్. ఒక్క నిమిషం కూడా వదలకు."

"నిన్న రెండుసార్లు చెప్పాను. పొద్దున ఆ టై కట్టుకున్నాయనకి ఇంకోసారి చెప్పాను. మళ్లీ చెప్తే కథ మారుతుందా తల్లీ?"

"మారకపోతే నీకే మంచిది."

కాజ్ డూడెక్ బల్ల మీద రెండు చేతులూ ఆనించి కూర్చున్నాడు. అరవై ఎనిమిదేళ్ల మనిషి. ముప్ఫై ఒక్క ఏళ్లు ఊరి కార్ల ఫ్యాక్టరీలో సీట్లు బిగించి రిటైరయ్యాడు. ఆయన్ని లుడ్వినా పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఎరుగును. వాళ్ల నాన్నా ఈయనా ఒకే షిఫ్టు, ఒకే చర్చి, ఆదివారం ఒకే పేకాట బల్ల. ఆ చనువు చూపించే, ఈ కేసు ఊరి పోలీసైన ఆమె చేతిలో ఉండకూడదని కౌంటీ నుంచి దిగిన డిటెక్టివ్ గ్రేడీ హోల్కోమ్ పొద్దుట్నుంచి గోల పెడుతున్నాడు. ఇప్పుడు కూడా తలుపుకు ఆనుకుని నిలబడి వాచీ చూసుకుంటున్నాడు. అయిదు గంటలకు కాజ్‌ను కౌంటీ జైలుకు తరలించడానికి కాగితాలన్నీ సిద్ధం చేసి పెట్టుకున్నాడు. మొన్న డిసెంబరులో గుండెకు కోత పడిన ముసలాయన ఆ జైల్లో ఎన్నాళ్లు నిలుస్తాడో లుడ్వినాకు తెలుసు.

జరిగింది చూస్తే చిన్నదే. శుక్రవారం సాయంత్రం ఆరూ నలభై ఆరుకు రివర్ రోడ్డు మీద డెలోరిస్ కుబియాక్ అనే ఆవిడను ఎదురుగా వచ్చిన కారు ఒకటి గుద్ది, ఆగకుండా పోయింది. నిరుడు భర్త పోయిన మనిషి. బేకరీలో పని ముగించుకుని రోజూ అదే వేళకు, అదే పక్కన నడిచి ఇల్లు చేరుతుంది. కారును పెట్రోలు బంకు వాడు చూశాడు. వెనక రెక్కలు, కింద లేత నీలం, పైన తెలుపు. మిషిగన్ రాష్ట్రమంతా వెతికితే ఎన్నుంటాయో గానీ, బెల్డన్ ఊళ్లో అలాంటిది ఒక్కటే ఉంది. అది కాజ్ డూడెక్ గారి యాభై ఏడు మోడల్ షెవీ. డెలోరిస్ ప్రాణం మాత్రం పోలేదు. తలకు కట్టుతో, ఒళ్లు తెలియకుండా ఆస్పత్రిలో పడి ఉంది. కారు నడిపినవాడి మొహం ఆమె ఒక్కతే చూసి ఉండాలి.

"ఆరింటికి చర్చి హాల్లోంచి బయటపడ్డాను," అన్నాడు కాజ్. "ఈస్టర్ ముందరి ఉపవాసాల శుక్రవారం కదా, అందరికీ చేపల వేపుడు పెడతారు. నువ్వూ అప్పుడే వరసలో నిలబడుతున్నావ్, నేను పోతుంటే చూశావ్. తినలేదు నేను. అందరూ నావైపే గుడ్లప్పగించి చూస్తున్నారు. ఇంటికెళ్లి రేడియో పెట్టుకున్నాను. తొమ్మిదింపావుకి మీవాళ్లొచ్చి తలుపు కొట్టారు."

"ఇంట్లోనే ఉన్నావనడానికి సాక్ష్యం?"

"రేడియో."

"హాస్యాలు కూడా ఆడుతున్నాడు," అన్నాడు హోల్కోమ్ గుమ్మం దగ్గర్నుంచి.

లుడ్వినా తల తిప్పలేదు. "నీవైపు ఎందుకు చూశారు?"

"అంతకుముందు శుక్రవారం అదే హాల్లో డెలోరిస్ మీద అరిచాను గనక. వాళ్లాయన వాల్టర్ పోయి ఏడాది తిరగలేదు, అప్పుడే వాడి బ్యూక్‌ని టెక్సస్ వాడెవడికో అమ్మేసింది. నేను కొంటానంటే ఇవ్వనంది. ఆ కారు ఊరు దాటితే నీకు పుట్టగతులుండవు అన్నాను. నోరు జారింది. మర్నాడే వెళ్లి క్షమించమని అడుగుదామనుకున్నాను. అహం అడ్డొచ్చింది."

"ఒక పాత కారు కోసం అంత మాట అంటావా బాబాయ్?"

కాజ్ బల్ల మీంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. తర్వాత మెల్లగా మొదలుపెట్టాడు.

"యుద్ధం నుంచి తిరిగొచ్చేసరికి నాకు ఇరవై రెండు. మూడేళ్లపాటు బురద రంగు తప్ప ఇంకో రంగు చూసిన పాపాన పోలేదు. ట్యాంకు బురద రంగు, లారీ బురద రంగు, తిండి డబ్బా కూడా అదే. ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికింది. ఒక ఏడాది గడిచాక ఇంకో ఏడాది, వరసలో కార్లు వస్తూనే ఉన్నాయి. మీగడ రంగు, గులాబీ రంగు, లేతాకు రంగు. ముందు నుంచి వెనక దాకా వెండిలా మెరుస్తూ. వెనక ఆ రెక్కలు దేనికీ పనికిరావు తల్లీ. అందుకే అంత బావుంటాయి. పనికొచ్చేవన్నీ మేం యుద్ధంలోనే చూసేశాం. వాటి తలుపేస్తే వచ్చే చప్పుడుంటుందే, ఇల్లు చేరాంరా బాబూ అనిపించేది. మా వీధిలో కూలిచేసుకునేవాడు కూడా అందులో కూర్చుంటే రాజే. మీ నాన్నని చూశావుగా."

లుడ్వినాకు గుర్తే. వాళ్ల నాన్న ఆదివారం పూట కారు ఎక్కేముందు చొక్కా మార్చుకునేవాడు.

"కన్నీళ్లు ఆగడం లేదు," అన్నాడు హోల్కోమ్. "కారు ఎప్పుడు బయటికి తీశారో అది చెప్పండి."

"నవంబరు ఒకటిన షెడ్డులో పెట్టాను. చక్రాలు విప్పేసి స్టాండ్ల మీదకి ఎత్తాను. మళ్లీ తీసేది ఏప్రిల్లో, రెండు పెద్ద వానలు పడి రోడ్డు మీద ఉప్పంతా కొట్టుకుపోయాక. అదివరకు దాన్ని రోడ్డెక్కిస్తే నన్ను పట్టుకెళ్లి జైల్లో వెయ్యండి." అనేశాక తాను ఎక్కడ కూర్చున్నాడో గుర్తొచ్చినట్టు నాలుక్కరుచుకున్నాడు.

లుడ్వినా పెన్సిలు ఆగిపోయింది. శుక్రవారం మధ్యాహ్నం రోడ్లన్నీ మంచుగడ్డ కట్టాయి. మంచు కరగడానికి ఉప్పు చల్లే మున్సిపాలిటీ లారీ రివర్ రోడ్డు మీదుగా అయిదూ నలభైకి వెళ్లింది. ఆ రాత్రి ఆమె బూట్లకు కూడా తెల్లగా అంటుకుంది.

"నేను కారు చూడాలి," అంది లేస్తూ.

"మావాళ్లు శుక్రవారం రాత్రే చూశారు లుడ్వినా గారూ. అరవై ఫొటోలు తీశారు. ముందు బంపరు మీద సొట్ట, దానిమీద రక్తం, తలవెంట్రుకలు. తాళం పగలగొట్టినట్టు లేదు. ఇంకేం కావాలి?"

"కింద తీశారా ఫొటోలు?"

హోల్కోమ్ ఇంకోసారి వాచీ చూసుకున్నాడు. వెంట మాత్రం వచ్చాడు.

షెడ్డు ఊరి చివర, ఒకప్పటి పాలకేంద్రం. ముగ్గురు స్నేహితులు కలిసి అద్దెకు తీసుకుని చలికాలమంతా కార్లు దాచుకునేవారు. వాళ్లలో వాల్టర్ పోయాడు, కాజ్ లాకప్పులో ఉన్నాడు. మిగిలిన మూడోవాడు జీన్ కుబియాక్, వాల్టర్ అన్నగారు, డెలోరిస్‌కు బావగారు. వీళ్లు వెళ్లేసరికి ఆయనే తాళం తీసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. రెండు రోజులుగా గడ్డం గీసుకున్నట్టు లేదు. ఫ్లాస్కులో కాఫీ తెచ్చాడు, ఇద్దరికీ పోశాడు.

"ఆస్పత్రి నుంచే వస్తున్నాను అమ్మాయ్. రాత్రంతా అక్కడే కుర్చీలో. ఆవిడకి నేను తప్ప ఎవరున్నారు?"

"ఎలా ఉంది?"

"పొద్దున నర్సు వేలు పట్టుకుని నొక్కిందట. మత్తు తగ్గిస్తున్నారు. సాయంత్రానికి కళ్లు తెరవొచ్చన్నాడు డాక్టరు." చెప్పి సిలువ వేసుకున్నాడు. "దేవుడు చల్లగా చూడాలి."

లోపల రెండు కార్లున్నాయి. గుమ్మానికి దగ్గరగా కాజ్ షెవీ, చక్రాల్లేకుండా నాలుగు స్టాండ్ల మీద. దాని వెనక దుప్పటి కప్పిన వాల్టర్ బ్యూక్. పక్కనే నడుస్తూ జీన్ ఆ దుప్పటిని ఒకచోట సర్దాడు. కింద నుంచి నల్లటి మడ్‌గార్డు, దానిమీద బ్యూక్‌లకి అలంకారంగా ఉండే నాలుగు గుండ్రటి కన్నాలు ఒక్క క్షణం కనిపించి మళ్లీ మాయమయ్యాయి.

"ఇది నిన్న వెళ్లిపోవాల్సింది కదా," అంది లుడ్వినా.

"లారీ వాణ్ని రావద్దని ఫోన్ చేశాను. సంతకం పెట్టాల్సిన మనిషి మంచంలో ఉంటే ఎవరప్పగిస్తారు?" జీన్ గొంతు తగ్గించాడు. "పదకొండేళ్లు పట్టింది మా ఇద్దరికీ దీన్ని మళ్లీ మనిషిని చెయ్యడానికి. వాల్టర్ కొన్నప్పుడు ఇందులో కోళ్లు గుడ్లు పెట్టేవి. ఆ క్రోమ్ అంతా నేనే రుద్దాను. నాకు సొంతంగా ఎప్పుడూ లేదులే, పాత పికప్పే నాకు. నాకేం లోటు, తమ్ముడిది నాది కాదా?"

"షెవీ ఇలాగే ఉందా శుక్రవారం రాత్రి?" లుడ్వినా హోల్కోమ్‌ను అడిగింది.

"అచ్చం ఇలాగే. మీద దుప్పటి, చక్రాలు ఆ మూల గోడకి. తొమ్మిదీ పదికి మావాళ్లు తలుపు తీశారు. ముసలాయన పని కానిచ్చి, మళ్లీ స్టాండ్ల మీదకి ఎత్తి, ఏమీ ఎరగనట్టు ఇంటికెళ్లి రేడియో పెట్టుకున్నాడు."

గోడ పక్కన కింద చక్రాలున్న పలక ఒకటుంది, కార్ల కిందికి దూరడానికి. లుడ్వినా కోటు విప్పి జీన్ చేతికిచ్చింది. మళ్లీ ఏదో ఆలోచించి, కోటు తీసుకుని మేకుకు తగిలించి, కరెంటు దీపం ఆయన చేతిలో పెట్టింది.

"కాస్త పట్టుకోండి జీన్ గారూ. నేనెటు వేలు చూపిస్తే అటు."

ఆమె వెల్లకిలా పడుకుని కారు కిందికి జరిగింది. ముందు మడ్‌గార్డుల లోపలి వైపు చూసింది. పొడవాటి ఇనుప దూలాలు చూసింది. వాటిలో నీళ్లు కారడానికి ఉన్న కన్నాల్లోకి ఒక్కొక్కదాన్లోకీ చిటికెన వేలు పెట్టి తిప్పింది. వెనక కమాను పట్టీల మధ్య గోటితో గీకింది. వేలు నాలుక మీద పెట్టుకుంది. నూనె రుచి తప్ప ఇంకేం లేదు. పక్కకు దొర్లి నేల చూసింది. సిమెంటు గచ్చు మధ్య నీళ్లు పోయే తూముంది. తూము అంచున పగుల్లో తెల్లగా పొడి కట్టింది. అదీ నాలుకకు రాసుకుంది.

"ఏం చేస్తోందావిడ, భోజనమా?" అన్నాడు హోల్కోమ్.

"ఉప్పుంది," అంది లుడ్వినా కింద నుంచి. "నేల మీదుంది, కారుకి లేదు. హోల్కోమ్, మీ ఇంట్లో కారు ఎప్పుడు కడుగుతారు?"

"మురికైతే."

"మీరు అద్దెకార్లు మార్చుకునే మనిషి, మీకు తెలీదు. ఉప్పు పడిన రోడ్డు మీద నడిస్తే ఇలాంటి కార్లకి కింద నుంచి చెదపురుగులా తుప్పు తినేస్తుంది. రెండు చలికాలాలు చాలు, కాలు పెడితే నేల తగులుతుంది. శుక్రవారం రోడ్డు మీద ఉప్పు కుప్పలుగా ఉంది. ఈ కారు ఆ రోడ్డు మీదే వెళ్లింది, బంపరు మీద రక్తమే చెప్తోంది. మరి కింద చూస్తే ఒక్క పలుకు లేదు. ఎవరో గొట్టంతో నీళ్లు కొట్టి, ప్రతి కన్నమూ కడిగి, గుడ్డతో తుడిచి, మీద పల్చగా నూనె రాశారు. పసిపిల్లకి స్నానం చేయించినట్టు."

"సాక్ష్యం కడిగేశాడు. అంతే కదా?"

లుడ్వినా బయటికి జరిగి లేచి కూర్చుంది. "ఏ సాక్ష్యం? రక్తం బంపరు మీదే ఉంది. వెంట్రుకలు బంపరు మీదే ఉన్నాయి. ఒక తడిగుడ్డ, అర నిమిషం పని. అది చెయ్యలేదు. చూసే కళ్లకి కనబడని చోటంతా గంట సేపు కడిగాడు. కాజ్ బాబాయే అయితే ముందు ఏది తుడుస్తాడు?"

"సైరన్ వినపడి కంగారులో పారిపోయుంటాడు."

"లెక్క నేను చెప్తాను. ఆరూ నలభై ఆరుకి గుద్దాడు. ఏడు లోపల ఇక్కడికి చేరాడు. మీవాళ్లు వచ్చింది తొమ్మిదీ పదికి. మధ్యలో రెండు గంటల పైన టైముంది. నాలుగు చక్రాలూ విప్పడానికి, ఇరవై నట్లు డబ్బాలో వెయ్యడానికి, దుప్పటి అంచులు సర్దడానికి టైముంది. బంపరు తుడవడానికి లేదా?" ఆమె చేతులకంటిన నూనె తుడుచుకుంది. "రక్తం కావాలనే ఉంచాడు, కాజ్ మీద పడాలని. ఉప్పుని మాత్రం ఉంచలేకపోయాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. తొక్కాడు సరే, కడక్కుండా ఉండటం మాత్రం అతని వల్ల కాలేదు. ఇది దొంగో తాగుబోతో చేసే పని కాదు. ఈ కార్లంటే ప్రాణం పెట్టేవాడి పని. మనిషిని చావడానికి రోడ్డు మీద వదిలేసి వచ్చి, కారు పాడవుతుందని కూర్చుని కడిగాడు."

దీపం వెలుగు ఆమె మొహం మీద నుంచి పక్కకు జరిగింది.

"చెయ్యి నొప్పి పుట్టింది," అన్నాడు జీన్. దీపం మేకుకు తగిలించి, మోచెయ్యి రుద్దుకున్నాడు. "నువ్వు చెప్తుంటే ఒళ్లు జలదరిస్తోంది అమ్మాయ్. కాజ్ కాదంటే నాకంటే సంతోషించేవాడు లేడు. నేనిక బయల్దేరతాను. ఆవిడ కళ్లు తెరిచేసరికి పక్కన తెలిసిన మొహం ఒక్కటైనా ఉండాలి."

"గది బయట మా కానిస్టేబుల్ ఉన్నాడు, కంగారు పడకండి," అంది లుడ్వినా.

"లేడు," అన్నాడు హోల్కోమ్. "రెండింటికి నేనే ఇంటికి పంపించేశాను. ముద్దాయి లాకప్పులో ఉండగా గుమ్మంలో కాపలా దేనికి? ఆదివారం పూట డ్యూటీ దండగ."

"నన్నడగాలనిపించలేదా?"

"మీ బాబాయి కేసులో మిమ్మల్నా?"

జీన్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తలుపు తాళం బల్ల మీద పెట్టి, ఫ్లాస్కు చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. పికప్పు స్టార్టయిన చప్పుడు వినిపించింది. అప్పుడు టైము మూడూ ముప్ఫై ఎనిమిది.

"మీ కథ బావుంది," అన్నాడు హోల్కోమ్. "కోర్టులో మాత్రం ఉప్పు రుచి చూపించలేం. తాళాలెన్ని ఉన్నాయి?"

"మూడు. కాజ్‌ది ఒకటి, ఇదిగో జీన్‌ది ఒకటి, వాల్టర్‌ది ఒకటి. వాల్టర్‌ది డెలోరిస్ వంటింట్లో మేకుకుంది, నిన్న నేనే చూశాను."

"అంటే మళ్లీ కాజ్ దగ్గరికే వచ్చాం. జీన్ శుక్రవారం సాయంత్రమంతా చర్చి హాల్లో చేపలు వేపే మూకుడు ముందున్నాడు. మూడు వందల మంది చూశారు, కాగితం మీద రాసి ఉంది."

లుడ్వినా ఆ మాట విననట్టే గోడ దగ్గరికి నడిచింది. నాలుగు చక్రాలూ ఒకదానిమీద ఒకటి పేర్చి ఉన్నాయి. పక్కనే కాఫీ డబ్బా, అందులో నూనె, నూనెలో నట్లు. కాజ్ సంగతి ఆమెకు తెలుసు. నవంబరులో చక్రాలు విప్పగానే ప్రతి నట్టూ కిరసనాయిల్లో కడిగి, అద్దంలా తుడిచి ఈ డబ్బాలో నానేస్తాడు. ఆమె ఒకటి పైకి తీసి దీపం దగ్గర పెట్టింది. నట్టు ముఖం మీద అడ్డంగా చిన్న పసుపు గీత ఉంది. రెండోది తీసింది. దానిమీదా గీత. ఒక్కొక్కటే తీసి గుడ్డ మీద పరిచింది. ఇరవై నట్లు, ఇరవై గీతలు, అన్నీ ఒకే పొడవు, అన్నీ ఒకేవైపు వాలి ఉన్నాయి.

"ఇవి ఫొటో తీశారా?"

"తీశాం. రంగు గీతలు. అయితే?"

ఆమె గోడకున్న ఫోను అందుకుని స్టేషన్‌కు చేసింది. కాజ్‌ను లైన్లోకి పిలిపించేసరికి రెండు నిమిషాలు పట్టింది. ఆ రెండు నిమిషాలూ హోల్కోమ్ నట్టు చేతిలో తిప్పుతూ ఉన్నాడు.

"బాబాయ్, నీ చక్రాల నట్లకి పసుపు గీతలు నువ్వు పెట్టావా?"

"గీతలేంటి? శుభ్రంగా కడిగి పెట్టాను."

"నట్టు బిగించాక దానిమీద పసుపు పెన్సిల్‌తో అడ్డగీత. వాలుగా."

ఫోనులో ముసలాయన ఊపిరి వినపడుతోంది.

"అది ఫ్యాక్టరీ లైను మీద గీసే గీత," అన్నాడు చివరికి. "చక్రాలు బిగించే చోట. బిగించడం అయిందని గుర్తు. ఎన్ని బండ్లొస్తే అన్నిటికీ, ఒక్కోదానికి ఇరవై. షిఫ్టు అయిపోయేసరికి ఎన్ని వేల గీతలో లెక్కపెట్టు. ఆ చెయ్యి ఇక మానదు తల్లీ. రిటైరయ్యాక వాళ్లావిడ సైకిలు చక్రం బిగించినా గీత గీసేవాడని నవ్వుకునేవాళ్లం. జేబులో పెన్సిలు ఎప్పుడూ ఉండేది."

"ఎవరు బాబాయ్?"

"ఎవరేంటి. ఇరవై ఆరేళ్లు చక్రాల దగ్గర నిలబడింది జీనేగా." మాట పూర్తయ్యేసరికి ఆయనకూ అర్థమైంది. గొంతు మారిపోయింది. "లుడ్వినా. వాడు నా చక్రాలు ఎందుకు బిగించాడు?"

"డెలోరిస్ పోతే ఆ బ్యూక్ ఎవరిది?"

"వాల్టర్ వీలునామాలో రాశాడు. ఆవిడ తర్వాత అన్నకే అని. బతికుండగా అమ్మేస్తుందని వాడేం కలగన్నాడు? అమ్మేసిందని తెలిసినప్పుడు నేనైతే అరిచాను. జీన్ ఒక్క మాటనలేదు. ఇంటికెళ్లి మూడు రోజులు అన్నం తినలేదని విన్నాను."

లుడ్వినా ఫోను పెట్టేసి, విన్నది రెండు ముక్కల్లో హోల్కోమ్‌కు చెప్పింది. అతను చేతిలోని నట్టును గుడ్డ మీద వదిలేశాడు.

"మూడు వందల మంది చూశారు," అన్నాడు, ఈసారి అంత గట్టిగా కాదు.

"ఆ మూడు వందల్లో నేనూ ఉన్నాను. ఆరూ ఇరవైకి వరసలో నా వంతు వచ్చింది. జీనే గరిటె పట్టుకుని, చేపలకి పూసే పిండి అయిపోయింది, తెస్తానుండు అని వెళ్లాడు. ఏడుకి అయిదు నిమిషాలుండగా ప్రమాదమని నాకు కబురొచ్చింది. అప్పటిదాకా ఖాళీ పళ్లెంతోనే నిలబడ్డాను. పిండి రాలేదు. ఆకలి మీదే పరిగెత్తాను గానీ, ఎందుకు రాలేదని అడగలేదు." ఆమె నంబరు తిప్పడం మొదలుపెట్టింది. "చక్రాలు ముందు రోజే బిగించి ఉంచుకున్నాడు. వాడు కారు కడిగాడని వాడి చేతే దీపం పట్టించుకుని మరీ చెప్పాను. కాపలావాడు లేడని నువ్వు చెప్పావు. ఇద్దరం కలిసి పంపించాం హోల్కోమ్. కారెక్కు."

హోల్కోమ్ మారుమాట లేకుండా పరిగెత్తాడు. వైర్‌లెస్‌లో అరుస్తున్న గొంతు, టైర్లు గులకరాళ్లు చిమ్మిన చప్పుడు వినపడ్డాయి. ఎంత తోలినా ఆస్పత్రి పది నిమిషాల దూరం. జీన్ వెళ్లి పద్దెనిమిది నిమిషాలైంది.

"మూడో అంతస్తు, నర్సును మాట్లాడుతున్నాను."

"పోలీసు. డెలోరిస్ కుబియాక్ గదిలో ఎవరున్నారు?"

"వాళ్ల బావగారండీ. ఇప్పుడే వచ్చారు, ఒక అయిదారు నిమిషాలైంది. ఎంత మంచాయనో, రెండ్రోజుల్నుంచి కదల్లేదు."

"ఆవిడకి తెలివొచ్చిందా?"

"వచ్చిందండీ, కళ్లు తెరిచింది. ఆయన్ని చూసి ఏదో చెప్పబోయింది కూడా. ఒళ్లంతా ఒకటే వణుకు పాపం. ఆయనే చెయ్యి పట్టుకుని, ఏం మాట్లాడకమ్మా నేనున్నాగా అన్నారు. కాసేపు ప్రార్థన చేసుకుంటాం, ఎవర్నీ రానివ్వద్దన్నారు. నేనే తలుపు వేసి వచ్చాను."

లుడ్వినా రిసీవరు నోటికి దగ్గరగా తెచ్చుకుంది. "అమ్మా, జాగ్రత్తగా విను. ఆమెని గుద్దింది ఆయనే. ఇప్పుడే లోపలికి వెళ్లు. ఒక్కదానివే వద్దు, దొరికినవాళ్లని కేకేసుకుని వెళ్లు. ఫోను పెట్టెయ్యకు."

రిసీవరు బల్లకు తగిలిన శబ్దం. తర్వాత బూట్లు పరిగెత్తిన చప్పుడు. దూరంగా తలుపు మీద రెండుసార్లు కొట్టారు. "కుబియాక్ గారూ," అంది నర్సు గొంతు. మళ్లీ కొట్టింది, ఈసారి అరచేత్తో. ఇంకెవరో పరిగెత్తుకొచ్చారు. ఒక మగగొంతు, భుజంతో నెట్టమని.

"తలుపు రావట్లేదు," అని నర్సు ఏడుపు గొంతుతో అరవడం లుడ్వినాకు స్పష్టంగా వినిపించింది. "లోపల మంచం అడ్డం తోసేశాడు."